రైలు పోయిన కట్ట



కాకినాడనుండి కోటిపల్లి వఱకు గల రైలుమార్గమును మీలో పెక్కుమంది ఎఱిగియుందురు. 45 కిలోమీటర్ల ఆ మార్గమును 1928లో వేసిరి. పండ్రెండేండ్లు రైలు నడచినది. 1940లో, రెండవ ప్రపంచ యుద్ధపు అవసరములకు ఇనుము కావలసివచ్చి, పట్టాలను ఊడబెఱికి తరలించుకొనిపోయిరి. కట్ట మాత్రము నిలిచియుండెను. పట్టాలు పోయిన 18 ఏండ్లకు నేను పుట్టితిని. ద్రాక్షారామమునకు సమీపముననున్న మా పల్లెనుండి హైస్కూలునకు పోవుటకు మాకు ఆ కట్టయే రాజమార్గము. శ్రావణ భాద్రపదములలో కాలువలు నిండి, చేలగట్లు మునిగి, బండ్లబాట మోకాలిలోతు బురదయైనప్పుడు సైతము అది ఎత్తుగా, పొడిగా నుండెడిది. పుస్తకముల సంచి నెత్తిన పెట్టుకొని, చెప్పులు చేతబట్టుకొని, రైలును కన్నులార చూడని పిల్లలము రైలుకట్టమీద నడచి చదువుకొంటిమి.

మా తండ్రిగారు ఒకనాడు నన్ను ఆ కట్టమీద నిలువబెట్టి, "ఒరే, దీనిని చూచితివా? ఉప్పుగడ్డవలె కరగుచున్నది" అనిరి. నాకు అర్థము కాలేదు. పిమ్మట చూపించిరి. ఒడ్డుననున్న రైతు ఏటేట ఒక్కొక్క చాలు లోనికి దున్నుచుండెను. ఒకరు గడ్డిమేటు వేసిరి. మఱియొకరు పిడకలగూడు కట్టిరి. ఇంకొకరు ఇంటి పునాదిలో పోయుటకు రెండు బండ్ల మట్టి తోలుకొనిరి. కట్టనంతయు దొంగిలించినవాడు ఎవ్వడును లేడు. ఏ యేటికాయేడు చూచినచో పోయినది కానరాదు. ఇరువదియేండ్లకొకసారి చూచినచో కానవచ్చును. అయినను ఆ దారి ఏదో విధమున మిగిలియుండుటవలననే 2004లో మరల అచ్చట పట్టాలు పడి రైలు కూసినది. ఆనాడు ఆ కూత వినుటకు మా తండ్రిగారు లేరు.

ఈ చిన్న అనుభవము లేకున్నచో, 2019లో అమెరికాదేశమున నేను చూచినదాని అర్థము నాకు తెలిసెడిది కాదు.

మా అమ్మాయియు అల్లుడును జార్జియా రాష్ట్రమున అట్లాంటా నగరమునకు ఉత్తరమున కాపురమున్నారు. ఆ వైపున మన తెలుగువారు వేలకొలదిగా స్థిరపడిరి. గోంగూర మొదలు పూతరేకుల వఱకు అచ్చట దొరకని వస్తువు లేదు. దొరకనిది నడక. ఇంటిముందటి వీథిలో నాలుగువందల అడుగులు నడువవచ్చును. ఆపైన కార్లు వడిగా పరుగెత్తు పెద్దరోడ్డు. కూరగాయలకు కారు, గుడికి కారు, గడ్డము గీయించుకొనుటకు కారు. ముప్పదియేండ్లు రోజునకు నాలుగుమైళ్ళు నడచి బడికి పోయిన కాళ్ళు నావి. పదునైదు రోజులలో అవి బిగిసిపోయెను. నా ముఖము చూచి మా అల్లుడు, "మామయ్యగారూ, మీరు నడుచుటకు తగిన చోటు ఊరిలో ఒకటున్నది. శనివారము పోవుదము" అనెను.

శనివారము పోయితిమి. 14 అడుగుల వెడల్పున కాంక్రీటు పఱచిన బాట. కార్లు లేవు. పసిపిల్లలను బండ్లలో పెట్టి త్రోయుచున్న తల్లులు, సైకిళ్ళమీది కుఱ్ఱవాండ్రు, చేతికఱ్ఱలతో ముసలివారు. కొంతదూరము నడచి నేను నిలిచి, "నాయనా, ఇది రైలుకట్ట కాదా?" అని అడిగితిని. "ఎవరు చెప్పిరి?" అని అతడు ఆశ్చర్యపడెను. ఎవరును చెప్పనక్కఱలేదు. రైలుకు ఎత్తులు గిట్టవు. నూఱడుగులు సాగినచో అది ఒకటి రెండడుగులకు మించి ఎక్కజాలదు. అందుచేత కట్టలు కట్టి, మెట్టలు కోసి, పల్లములపై వంతెనలు వేసి దానికి దారి చేయుదురు. మలుపునకు వచ్చినప్పుడు ఎద్దుబండివలె గిఱ్ఱున తిరుగదు; మెల్లగా పెద్ద చాపమువలె వంగును. బండ్లదారిని మనుష్యుడు పశువు కలసి తీర్చును; రైలుదారిని లెక్క తీర్చును. ఆ లెక్క నా పాదములకు చిన్ననాటినుండి తెలియును. రైలుకై తీర్చిన ఆ మెత్తని వాలే ముసలివాని మోకాళ్ళకును, సైకిలు త్రొక్కు పిల్లవానికిని సరిగా అమరును. ఏనుగు చచ్చినా వెయ్యి, బ్రతికినా వెయ్యి అను సామెత రైలుకట్టపట్ల అక్షరాల నిజము.

ఇక ఆ ఊరి కథ. అట్లాంటా రైలుకు పుట్టిన బిడ్డ. నదియొడ్డున వెలసిన ఊరు కాదు, రేవు కాదు, రాజధానిగా కట్టినది కాదు. జార్జియా ప్రభుత్వమువారు ఉత్తరముననున్న టెన్నెసీనదిప్రాంతమునకు తామే ఒక రైలుమార్గము వేయదలచి, దాని దక్షిణపుకొన ఇచ్చట అని 1837లో అడవిలో ఒక మేకు పాతిరి. ఆ చోటికి టెర్మినస్ అని పేరు. టెర్మినస్ అనగా అంతము, కొస. తరువాత 1843లో మాజీ గవర్నరుగారి కుమార్తె పేర మార్తాస్‌విల్ అనిరి. 1845లో అట్లాంటా యనిరి. ఆ రైలు కంపెనీ పేరులో అట్లాంటికు అను మాట యున్నది. అందుండి వచ్చినదని చెప్పుదురు. వ్యుత్పత్తులపై నాకు గల చాపల్యమును మీరు మన్నింపవలెను. అంతమని పేరుపెట్టిన చోటనే ఆరంభము జరిగినదను మాట మాత్రము చెప్పక తప్పదు. 1860 నాటికి నాలుగు రైలుమార్గములు అచ్చట కలిసెను.

అందుచేతనే అంతర్యుద్ధమున ఆ ఊరికి అపాయము వచ్చెను. దక్షిణాది సైన్యములకు తిండియు తుపాకిమందును అందునది ఆ కూడలినుండియే. 1864లో ఉత్తరాది సేనాపతి షెర్మన్ ఊరిని పట్టుకొని, వెడలిపోవునాడు తగులబెట్టించెను. పట్టాలను ఊరక ఊడబెఱికినచో శత్రువు మరల పఱచును. కావున స్లీపరుచెక్కలను కుప్పవేసి మంటపెట్టి, ఆ మంటపై పట్టాలను ఎఱ్ఱగా కాల్చి చెట్లమొదళ్ళకు చుట్టించిరి. ఆ మెలికలకు షెర్మన్ కంఠపాశములని హాస్యముగా పేరువచ్చెను. కాని ఇనుమును చుట్టగలిగిరే గాని కట్టను చుట్టలేకపోయిరి. కొలదియేండ్లలో పట్టాలన్నియు మరల పడెను.

ఊరు పెరిగెను. ఊరినడుమ రైళ్ళు క్రిక్కిరిసి కదలలేని స్థితి వచ్చినందున, నడిబొడ్డునకు రెండుమూడు మైళ్ళ దూరమున చుట్టుదారులను వేసిరి. ఒక్కరు ఒక్కసారి ఆలోచించి వేసినవి కావు. 1870ల తరువాత ఇరువదవ శతాబ్దారంభము వఱకు వేర్వేఱు కంపెనీలు, ఎవరి సరకుకొఱకు వారు, వేసికొన్న నాలుగు తునకలు. పటముమీద చూచినప్పుడు మాత్రము అవి నాలుగును కలిసి మొలత్రాడువలె ఊరిని చుట్టియుండెను. ఆ త్రాడువెంట మిల్లులు, గోదాములు, ఇనుప ఫౌండ్రీలు లేచెను. 1926లో సియర్స్ అను వర్తక సంస్థవారు కట్టిన ఎఱ్ఱయిటుకల భవనమొకటి తూర్పువైపున నేటికిని ఉన్నది. టపాలో వచ్చిన ఆర్డర్లకు సరకులు మూటగట్టి రైలుకెక్కించుటకు కట్టినది. ఇరువది లక్షల చదరపు అడుగుల కట్టడము. దాని ప్రక్కన నిలిచినచో మెడ నొప్పిపెట్టును.

పట్టాలు సరకును కలిపెను, మనుష్యులను విడదీసెను. కట్టకు ఈవల తెల్లవారు, ఆవల నల్లవారు. కూలిపేటలు కట్టక్రింద, ధనికుల పేటలు దూరముగా. ఆ ఊరిలో ఒకే వీథి కొంతదూరము బులెవార్డ్ అను పేరుతో పోయి, పాన్స్ డి లియాన్ అను రహదారిని దాటగానే మన్రో డ్రైవ్ అగును. వీథి మలుపు తిరుగలేదు, ఆగలేదు. పేరు మాత్రము మాఱినది. నల్లవారుండు వీథిపేరు తమ చిరునామాలో ఉండరాదని ఆనాటి తెల్లవారు మార్పించుకొనిరని ఊరివారు చెప్పుదురు. మన పల్లెలలో పేటలు ఎట్లు విడిపోయినవో ఎఱిగిన మనకు ఇది విడ్డూరము కాదు.

రెండవ యుద్ధము ముగిసిన తరువాత లారీలు వచ్చెను, మహారహదారులు వచ్చెను. గోదాములు ఊరివెలుపలికి పోయెను. చుట్టుదారులలో రైళ్ళు ఒకటొకటిగా ఆగెను. కంకరలో తుమ్మవంటి ముండ్లపొదలు లేచి, కట్ట చెత్తకును పాములకును నెలవాయెను.

ఇట్లు చచ్చిన రైలుదారులు ఆ దేశమందంతట ఉన్నవి. 1916 నాటికి అమెరికాలో రెండున్నర లక్షల మైళ్ళ రైలుమార్గముండెను. ప్రపంచమున మఱి యే దేశమునకును అంత లేదు. ఆ పిమ్మట తగ్గుటే గాని పెరుగుట లేదు. అచ్చటి రైళ్ళలో చాలభాగము ప్రయివేటు కంపెనీలవి. చాలచోట్ల వారికి నేలపై ఉన్నది స్వామ్యము కాదు, దారిహక్కు మాత్రమే. రైలు నడచినంతకాలము హక్కు. రైలు మానినచో ఆ నేల ప్రక్క పొలమువానికి చేరును. దారి తునకలు తునకలుగా మాయమగును. మా తండ్రిగారు చూపిన ఉప్పుగడ్డయే అది. అయితే అచ్చట చట్టమే దానిని కరగించెడిది.

దీనిని మొదట గుర్తించి గొంతెత్తినవారిలో ఒక ముసలమ్మ యున్నది. ఆమె పేరు మే వాట్స్. షికాగో సమీపమున ఒక వృక్షశాస్త్రోద్యానమున చెట్టుచేమలను గుఱించి పెద్దలకును పిల్లలకును పాఠములు చెప్పిన ఉపాధ్యాయిని. ఇంగ్లండులో పొలములనడుమ జనులు తరతరములుగా నిలుపుకొన్న కాలిబాటలను చూచివచ్చినది. 1963లో, తన 70వ యేట, షికాగో ట్రిబ్యూను పత్రికకు ఒక ఉత్తరము వ్రాసెను. మూతపడిన ఒక విద్యుద్రైలు మార్గమును అమ్మి ముక్కలు చేయక నడకదారిగా నిలుపుడని కోరెను. ఆ ఉత్తరమువలన ఇల్లినాయి ప్రెయిరీ పాత్ అను బాట ఏర్పడెను. ఉపాధ్యాయవృత్తిలోనివాడను గనుక ఆమెపై నాకు పక్షపాతము కలదని ఒప్పుకొందును.

1983లో అమెరికా ప్రభుత్వము ఒక శాసనము చేసినది. దాని యుక్తి చిత్రమైనది. రైలు మానుకొన్న కంపెనీ ఆ మార్గమును విడిచిపెట్టినట్లు కాదు. మఱియొకప్పుడు రైలుకు కావలసివచ్చునేమోయని దాచిపెట్టినట్లు లెక్క. అంతవఱకు జనులు దానిమీద నడువవచ్చును. ప్రక్క పొలమువారు ఊరకుండలేదు. తమ నేల తమకు రావలెనని సుప్రీముకోర్టువఱకు పోయిరి. 1990లో న్యాయమూర్తులు శాసనము చెల్లునని తీర్పుచెప్పిరి. నష్టపోయితిమనుకొన్నవారు ప్రభుత్వమును పరిహారమడుగుటకు అడ్డులేదనియు చెప్పిరి. ఇది న్యాయముగనే యున్నదని నా తలంపు. దారి నిలిపినందుకు అందఱు సంతోషించి, నేల పోయినవానిని మఱచుట ధర్మము కాదు.

అట్లాంటాకు వత్తము. 1999లో రయన్ గ్రావెల్ అను విద్యార్థి, జార్జియా టెక్ అను విద్యాలయమున వాస్తుశిల్పమును నగరనిర్మాణమును చదువుచు, పట్టముకొఱకు ఒక గ్రంథము వ్రాసెను. అతడు అంతకుమునుపు పారిసునగరమున కొంతకాలము చదువుకొని, అచ్చట నడచుటకును రైలెక్కుటకును అలవాటుపడెను. తిరిగి వచ్చి తన ఊరిని చూడగా అంతయు కారుమయము. ఆ నాలుగు పాత చుట్టుదారులను కలిపి 22 మైళ్ళ వలయము చేసి, దానిపై చిన్నరైలు నడిపినచో 45 పేటలు ఒక్క దండగా గ్రుచ్చబడునని అతని సూచన. గమనింపుడు, అతడు కోరినది ముఖ్యముగా రైలు. నడకబాట తరువాత చేరినది. పరీక్ష కృతార్థమయ్యెను; గ్రంథము అల్మారాకెక్కెను. మా పాఠశాల బీరువాలలో చెదలు తిన్న మంచి ఊహలెన్నియో నేనెఱుగుదును.

కాని రెండేండ్ల తరువాత అతడును, కచేరీలోని ఇద్దఱు స్నేహితులును కలిసి ఊరి పెద్దలందఱకును ఉత్తరములు వ్రాసి పటములు పంపిరి. నగరసభలో సభ్యురాలైన క్యాతీ వూలర్డ్ అను నామె ఆ పటమును చేతబట్టుకొనెను. చర్చిహాళ్ళలో, బడులలో, పేటపేటను సభలు జరిగెను. రెండు మూడేండ్లు ఇదే పని. ఒక్క తట్టెడు మట్టియైనను ఎత్తకమునుపే జనులు దానిని తమదిగా భావించిరి. ఇది ఆ కథలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టము. పైనుండి వచ్చిన పథకములకు కాపలా కావలెను. జనులు అడిగి తెచ్చుకొన్నదానికి జనులే కాపలా.

ధనమెక్కడిది? 2005లో ఒక ఉపాయము చేసిరి. ఒక చెఱువు త్రవ్వించినచో దానిక్రింది మెట్ట మాగాణియగును, శిస్తు పెరుగును, ఆ పెరిగిన శిస్తుతోనే చెఱువు త్రవ్వించిన అప్పు తీర్చవచ్చును. అట్లే బాట చుట్టునున్న నేలపై నాటికి వచ్చుచున్న పన్ను ఎప్పటివలె ఖజానాకు పోవును; ఆపై పెరిగినదంతయు 25 ఏండ్లవఱకు బాటకే చెందును. దీనిలో బడుల పన్ను కూడ చేర్చిరి. ఒకాయన కోర్టుకు పోయెను. బడికై వసూలుచేసిన ధనమును బాటకు వాడరాదని 2008 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము తీర్పుచెప్పెను. అదే సంవత్సరము నవంబరులో ప్రజలు ఓటువేసి రాజ్యాంగమునే సవరించి దానికి వీలు కల్పించిరి. నేనచ్చట ఓటరునైనచో ఎటు వేసియుందునో నిశ్చయముగా చెప్పజాలను.

భూమి చేతికి వచ్చుట ఇంకొక కథ. ఈశాన్యభాగమున నాలుగు మైళ్ళకు పైబడిన తునకను రైలు కంపెనీనుండి ఒక స్థలవ్యాపారి ముందుగనే కొనెను. నగరమువారు 2007లో దానిని దక్కించుకొనుటకు అతడు పెట్టిన ధరకు రెండింతలకు మించి ఇచ్చుకొనవలసివచ్చెను. దక్షిణమున నాలుగున్నర మైళ్ళు 2018లో కొనిరి; దానికి సుమారు 2 కోట్ల 60 లక్షల డాలర్లు. వలయమనగా ఒక్క ముక్క లేకున్నను వలయము కాదు. ఆ సంగతి అమ్మువానికి కొనువానికంటె బాగుగా తెలియును.

బాట కొంచెము కొంచెముగా సాగెను. 2008లో వెస్ట్ ఎండ్ అను పేటలో ఒక చిన్న భాగము. 2012లో తూర్పున 2¼ మైళ్ళు. నేను మొదట నడచినది దీనిమీదనే. దీని ప్రక్కన ఒక పల్లపుపేట కలదు; వాన వచ్చినప్పుడెల్ల మురుగునీటితో మునిగెడిది. ఇంజనీర్లు భూగర్భమున పెద్ద సొరంగము త్రవ్వవలెనని లెక్కలు వేసిరి. పేటవారు, దానికిబదులు చెఱువు త్రవ్వరాదా యనిరి. త్రవ్విరి. వాననీరు దానిలో నిలిచి, మెల్లగా పోవును. చుట్టును 2011లో ఉద్యానము వెలసెను. సొరంగముకంటె ఖర్చు కోట్లకొలది డాలర్లు తగ్గినది. చెఱువును పూడ్చి బస్సుస్టాండులు కట్టుచున్న మన ఊళ్ళను తలచుకొని నేనచ్చట కొంతసేపు ఊరక కూర్చుంటిని.

ఎఱ్ఱయిటుకల సియర్స్ భవనము ఇప్పుడు అంగళ్ళు, ఫలహారశాలలు, నివాసములు గల పెద్ద బజారు. కాఫీ ధర అడిగి మానుకొంటిని. బాటకు రెండువైపుల క్రొత్త మేడలు. "పదునైదేండ్ల క్రిందట ఇచ్చట ఎవరుండిరి?" అని మా అల్లుని అడిగితిని. అతడు సమాధానము చెప్పక, "మామయ్యగారూ, వచ్చే శనివారము పడమటివైపు పోవుదము" అనెను.

పడమటి బాట మూడు మైళ్ళు. 2017 సెప్టెంబరులో తెఱచిరి. అవి నల్లవారి పేటలు. బాట ఉత్తరపుకొసనున్న వాషింగ్టన్ పార్కు, ఆ ఊరిలో నల్లవారికని ఏర్పడిన మొదటి ఉద్యానము, 1919 నాటిది. అచ్చట అంగళ్ళు లేవు, మేడలు లేవు. పెరటికంచెలు, చెట్లనీడలు, వరండాలలో కుర్చీలు. దక్షిణపుకొసదగ్గఱ ఒక బెంచీమీద ఒక వృద్ధుడు కూర్చుండెను. నేను నమస్కరింపగా ఆయన టోపీ తీసెను. నా ఇంగ్లీషు బడిపుస్తకపు ఇంగ్లీషు; ఆయన మాట నాకు సగము తెలియలేదు; మా అల్లుడు మధ్యవర్తి. ఆయనకు 71 ఏండ్లు. అదే పేటలో పుట్టి అదే పేటలో ముసలివాడయ్యెను.

"నా చిన్నతనమున ఈ కట్ట దాటి ఆవలికి పోవలదని మా అమ్మ చెప్పెడిది. పోయినచో తిరిగి వత్తునో రానో యని ఆమె భయము. ఇప్పుడు రోజును దాటుచున్నాను. నా కాళ్ళకు మంచిది. వైద్యుడు సంతోషించుచున్నాడు" అని నవ్వెను. "కాని ఈ బాట వచ్చిననాటినుండి నాకు ఉత్తరములు వచ్చుచున్నవి. ఇల్లు అమ్ముదువా అని. వారానికి రెండు మూడు. మా వీథిలో నాకు తెలిసిన పేర్లు నాలుగు మిగిలినవి. ఇంటిపన్ను కాగితము వచ్చిననాడు నేను నడకకు రాను" అనెను.

ఆ మాట విన్నపిమ్మట పెరిగిన శిస్తు ఉపాయమును నేను మరల ఆలోచించితిని. చుట్టుప్రక్కల నేలధర పెరిగిననే గాని బాటకు ధనము రాదు. ధర పెరిగినచో అద్దె పెరుగును, పన్ను పెరుగును, బీదవాడు నిలువలేడు. బాట ఎంత దూరము సాగవలెనన్నచో అంతమంది లేచిపోవలెను. ఇది ఎవరి దుర్బుద్ధియు కాదు. ఆ యేర్పాటు కడుపులోనే ఉన్న చిక్కు. చెఱువుక్రింద ధర పెరిగినచో రైతునకు పంట పెరుగును, శిస్తు చెల్లించును. బాట ప్రక్కనున్న ముసలివాని ఇంటికి ధర పెరిగినచో ఆ ఇంట పంట ఏమి పండును?

ఆ సంగతి వారు ఎఱుగనిది కాదు. 25 ఏండ్లలో సామాన్యులకు అందుబాటులోనుండు ఇండ్లు 5,600 కట్టింతుమని, నిలుపుదుమని మొదటనే వాగ్దానము చేసిరి. బాట ముందు నడచెను, ఇండ్లు వెనుకబడెను. 2016లో, ఆ ఊహకు కర్తయైన గ్రావెలే, ఈ విషయమున శ్రద్ధ చాలదని, బాటకు తోడ్పడు సంస్థ పాలకవర్గమునుండి మఱియొక సభ్యునితో కలిసి వైదొలగెను. తాను కన్న బిడ్డను గుఱించి నలుగురిలో అట్లు చెప్పుట సులభము కాదు. నేను తిరిగివచ్చిన తరువాత, పడమటను దక్షిణమునను చిరకాలమునుండి సొంత ఇంటనున్న వృద్ధులకు పెరిగిన ఇంటిపన్నును దాతల ధనముతో చెల్లించు ఏర్పాటొకటి మొదలైనదని మా అమ్మాయి ఫోనులో చెప్పినది. బాటను దూరము పొడిగించుటకు ముందే ఇటువంటిది ఉండవలసినది. కట్టలోని ఒక్కొక్క చాలు కరగిపోయినట్లే, వీథిలోని ఒక్కొక్క ఇల్లు ఖాళీ యగుటయు ఏ యేటికాయేడు చూచినచో కానరాదు.

మేము లేచి, ఆ పెద్దమనిషితో కలిసి బాటకొసవఱకు నడచితిమి. ఆనాటికి పడమటి బాట అచ్చటితో ఆగెను. కాంక్రీటు ముగిసిన చోట ఇనుపతీగల కంచె. దాని ఆవల త్రుప్పుపట్టిన పట్టాలు, వానినడుమ మనిషియెత్తు పొదలు. నేను కంచెదగ్గఱకు పోయి లోపలికి చూచితిని. కంకర, కుళ్ళిన స్లీపరుచెక్క, మెల్లగా వంగి కనుమఱుగైన మలుపు. అచ్చముగా మా ఊరి కట్టయే. ఆయన నా ప్రక్కకు వచ్చి నిలిచి, "2030 నాటికి మొత్తము 22 మైళ్ళును కలుపుదుమనుచున్నారు" అనెను. "అప్పటికి మీకెన్ని ఏండ్లు?" అని అడిగితిని.

"82. ఇంటిలోనున్నచో చుట్టి వత్తును" అనెను.